పప్పులో రాని రాయి

చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. రావిర్యాల దగ్గర ఒక ప్రయోగశాలలో స్ఫటికాలు పెంచడం నా పని. ఏడాదిగా ఎంత బతిమాలినా గాజు గిన్నెలో ఒక్కటీ పెరగలేదు. (పెరిగింది నా కిడ్నీలో, అడగకుండానే.) నొప్పితో మెలికలు తిరుగుతూ ఆటోలో శంషాబాద్ దవాఖానకు చేరితే డాక్టరుగారు చల్లగా, "రాయి పడితే వడగట్టి పట్టుకురండి. అదేం రాయో తెలిస్తే ఏం తినకూడదో చెప్తాను. అప్పటిదాకా టమాటా, పాలకూర, మాంసం అన్నీ మానేయండి" అన్నారు. టమాటా లేనిది కూరే కాదని నమ్మేవాణ్ణి నేను.

పదకొండు రోజులు చాయ్ వడగట్టే జాలీ పట్టుకుని బాత్రూముకు తిరిగాను. ఇంత చదివి చేసే పరిశోధన ఇదా అని నా మీద నాకే చిరాకు. చివరికి పడింది, ఆవగింజంత. ఇంత ఏడిపించింది ఇదా అని ఒళ్లు మండింది. చిన్న సీసాలో వేసి, పైన 'రాయి, భద్రం' అని రాసి కిటికీలో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం వచ్చేసరికి సీసా లేదు. గది కిరాయికిచ్చి రెండు పూటలా అన్నం పెట్టే అక్క, ఊడ్వడానికి వచ్చి, చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఏంది తమ్మీ, నా పప్పుల రాయొస్తే నోటితోని చెప్పొద్దా? సీసాల వెట్టి పేరు రాస్తవా? ఎవరికి చూపిద్దామని?"

"రాయేదక్కా?"

"ఏడుంటది? ఇసుకల పారేసిన."

పై అంతస్తు కోసం వాకిట్లో లారీడు ఇసుక పోయించారు. నేను మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతుంటే ఆవిడ వెనకే వచ్చి నిలబడింది. "గా రాయి కోసం గింత పగనా తమ్మీ?"

అది పప్పులోది కాదని, ఫలానా దారిన వచ్చిందని అన్నం పెట్టే మనిషికి ఎలా చెప్పను? "పప్పులోదే అక్కా, పోనీలే" అన్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకేమో టమాటా పోయిన దిగులే ఎక్కువగా ఉంది.

చాలా ఏళ్లకు, మొన్న శంషాబాద్‌లో విమానం నాలుగు గంటలు ఆలస్యమని తెలిసి, విసుక్కుంటూ ఆవిడ ఇంటికి వెళ్లాను. జుట్టు నెరిసింది. అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుతోంది. ధైర్యం తెచ్చుకుని నిజం చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"గప్పుడే చెప్పొద్దా తమ్మీ. గా దినం సంది రెండుసార్లు ఏరంది పప్పు పొయ్యి మీద వెట్టలే."

అంత తెలివిగల ఆనాటి కుర్రాడికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. వాణ్ణి తలుచుకుంటే నవ్వూ వచ్చింది, గుండె బరువూ అయింది. కళ్లద్దాలు తుడుచుకుని చేట నా ముందుకు లాక్కున్నాను.