నాలుగో దరువు

మా ఊళ్లో చాటింపు అంటే మూడు మాటలు. డప్పు మీద ఒక దరువు, ఒక మాట. మళ్లీ దరువు, మళ్లీ మాట. మూడూ అయితే చాటింపు అయిపోయినట్టే, జనం ఎవరి పనిలోకి వాళ్లు పోవచ్చు. ఎడ్లకు గాలికుంటు వచ్చిందన్నా, చెరువు తూము ఎత్తుతున్నారన్నా మూడే. ఆ లెక్క ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చాటింపు వేసే తాతను అడిగితే, "మా తాత మూడు జెప్పిండు, మా అయ్య మూడు జెప్పిండు. నేను నాలుగు జెప్తే డప్పు ఊకుంటదా బిడ్డా?" అని నవ్వేవాడు.

నేను రెండేళ్లు ఓనమాలు దిద్దాను, అంతే నా చదువు. కానీ ఒకసారి విన్న మాట నా చెవిలోంచి బయటికి పోదు. మా అత్త దాన్ని రోగం అనేది. "దీని ముందల మాట జారొద్దు, పదేండ్లకు తీసి మొకాన గొడ్తది" అని వాడంతా చెప్పుకు తిరిగేది. నిజాం రాజ్యం చివరి రోజుల్లో, నాకింకా ఇరవై నిండని వయసులో, ఆ రోగమే మాకు అక్కరకొచ్చింది.

నా పెనిమిటి జ్వరంతో పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో అత్తా నేనూ మిగిలాం. సొంత భూమి లేదు. ఊరి దొర చెలకలో రెండెకరాలు మా మామ కాలం నుంచి కౌలుకు చేస్తున్నాం. అందులో రాళ్లు ఏరి గట్టు పోసింది మా మామ. ఆ గట్టు మీద కూర్చునే నేను కాపురానికొచ్చిన ఏడు మొదటి సద్ది తిన్నాను. ఇప్పుడు, ఊరి భూముల కాగితాలు రాసే పట్వారీ కబురు పెట్టాడు, "మొగోడు లేని ఇంటికి భూమెందుకు? వానలు పడంగనే దొర వేరేటోల్లకిస్తడు" అని.

ఆ వారంలోనే డప్పు మోగింది. కౌలుదార్ల కోసం సర్కారు కొత్త చట్టం తెచ్చిందట. తాత మా వాకిలి ముందే నిలబడి పట్వారీ చెప్పమన్న మూడు మాటలూ చెప్పాడు.

"ఏండ్ల సంది కౌలు జేసేటోల్లను ఊకెనే ఎల్లగొట్టొద్దహో!"

"గసొంటోల్లు అచ్చే పున్నమి లోపల సిద్దిపేట కచేరిల దరఖాస్తు పెట్టుకోవాల్నహో!"

"దరఖాస్తు ఎంబడి కౌలు కాగితం పెట్టాల్నహో!"

మొదటి మాటకు లేచి నిలబడ్డ వాడ మూడో మాటకు కూలబడింది. కౌలు కాగితం ఎవరి దగ్గరుంది? దొర వాకిట్లో చేతులు కట్టుకు నిలబడి "సరే, చేసుకోపో" అనిపించుకోవడమే మాకు కాగితం.

అత్త మాత్రం చేతిలో చీపురు విసిరికొట్టింది. "చట్టం జేసినోనికి మనకు కాగితాల్లేవని తెల్వదా? తెల్వకుంట జేస్తే ఆడు పిచ్చోడు. తెలిసి జేస్తే దొరకు సుట్టం. ఏదో ఒకటి అడిగొద్దాం పా."

మర్నాడు పొద్దున సద్ది కట్టుకొని సిద్దిపేటకు నడిచాం. బజారులో చీరలమ్మే ఆయన మాకు ఒక సంగతి చెప్పాడు. సర్కారు చట్టాలన్నీ అచ్చువేసి పంపే పుస్తకం ఒకటుందట, జరీదా అంటారట. కచేరీలో మున్షీ దగ్గర ఉంటుంది, అడిగితే చదివి చెప్పాలి, ఎక్కడైనా తప్పుంటే అక్కడే రాసియ్యాలి. "అడిగినోల్లను నేనైతే సూడలే" అని కూడా అన్నాడు.

మున్షీ తెల్లగడ్డపాయన. కళ్లద్దాలను దారంతో చెవికి కట్టుకున్నాడు. మమ్మల్ని చూసి తలైనా పూర్తిగా ఎత్తలేదు.

"ఆడోల్లకు కచేరిల ఏం పని? మొగోన్ని తోలు, పో."

"తోలుదు మున్షీ సాబ్," అంది అత్త. "గని ఆడు సర్గంల ఉన్నడు. ఆడికి నువ్వే హుకుం రాసి పంపు."

ఆయన కలం కింద పెట్టాడు. "కూసో అమ్మా" అన్నాడు. గోడవార ఉన్న పెద్ద పుస్తకం తీసి దుమ్ము దులిపాడు.

నేను చాటింపు మూడు మాటలూ అప్పజెప్పాను. ఆయన వేలు ఉర్దూ అక్షరాల మీద కుడి నుంచి ఎడమకు పాకుతోంది. ఒక్కో మాటకూ సరిపోయిందన్నట్టు "సహీ" అంటున్నాడు. మూడోది అయ్యాక కూడా ఆ వేలు ఆగలేదు.

"ఇంకా ముందటికి జెప్పు" అన్నాడు.

"అంతే సాబ్."

"అంతే గాదు. ఇంకోటుంది గద." పైకి ఉర్దూలో చదివి, తెలుగులో చెప్పాడు: "కౌలు కాగితం లేనోల్లు, పక్క చెలకలోల్లు ముగ్గురితోని సాక్ష్యం జెప్పిస్తె చాలు."

అత్త బల్ల అంచు పట్టుకుంది. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాను. ఆయన కళ్లద్దాల మీది నుంచి నన్ను చూశాడు.

"మా కితాబుల తప్పు లేదమ్మా. ఇగ పోయి సాక్ష్యం తెచ్చుకో."

"కితాబుల సహీ ఉంటె మాకేమొచ్చె సాబ్? మా ఊరోల్లు కితాబు సదువలే, డప్పు ఇన్నరు. డప్పుల పోయిన మాట డప్పులనే రావాలె. గట్లని రాసియ్యి" అన్నాను.

"గిసొంటి అర్జీ నాకు ఇప్పటిదాక ఎవలు పెట్టలే."

"ఇప్పుడు పెట్టిన్రు గద" అంది అత్త.

రాశాడు. వేలిముద్ర కోసం సిరా ముందుకు జరిపితే నేను కలం అడిగి తీసుకున్నాను. నా పేరు వంకరగానే వచ్చింది, అయినా వచ్చింది. ఆయన పట్వారీ పేరున హుకుం రాసి, మొహరు కొట్టి మా చేతికిచ్చాడు.

పట్వారీ అరుగు మీద కూర్చుని దాన్ని చదివి మడత పెట్టాడు. "చాటింపుకు మూడు మాటలే ఆనవాయితీ. నాలుగోది యాడ పెట్టాలె? ఇడ్సిపెట్టిన. సరే, నీకు తెలిసింది. దొరతోని చెప్పి నీ రెండెకరాలు నీకే ఉంచుత. ఊరందరికెందుకు?"

అది ఆనవాయితీ వల్ల జరిగిన పొరపాటా, ఆనవాయితీ చాటున చేసిన పనా అని మా వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే ఆ "ఊరందరికెందుకు"తోనే తెలిసిపోయింది.

"నాకు ముగ్గురు సాక్ష్యం గావాలె గద" అన్నాను. "ఆల్లకూ కాగితాల్లేవు. ఆల్ల భూములు పోతుంటె నా భూమికి ఎందుకు జెప్తరు?"

"నేను జెప్పనిది డప్పు పల్కది" అని లోపలికి వెళ్లిపోయాడు.

తాత గడ్డిమంట మీద డప్పు కాచుకుంటున్నాడు. సంగతి విని డప్పును మంట మీంచి తీసి పక్కన పెట్టాడు. "వాగు అడ్డమున్నదని జెప్పి, పడవున్నదని జెప్పనట్టు జేసిండు నాతోని," అన్నాడు. "బిడ్డా, పట్వారి ఇయ్యని మాట నేను పల్కితె నా కొలువు పోతది. డప్పు నేను గొడ్త. మాట నువ్వు జెప్పు."

ఆడది చాటింపు వేయడం మా ఊరు చూడలేదు. అత్త నా కొంగు నడుముకు బిగించి దోపి, "నీ రోగం ఇప్పుడు బయటికి తియ్యి" అంది.

పట్వారీ అరుగు ముందు నుంచే మొదలుపెట్టాం. పాత మూడు మాటలే కదా అని జనం పెదవి విరిచారు. మూడోది కాగానే అలవాటు ప్రకారం వెనక్కి తిరిగారు. అప్పుడు తాత నాలుగో దరువు వేశాడు. తిరిగినవాళ్లు తిరిగినట్టే ఆగిపోయారు. నేను గొంతెత్తి చెప్పాను.

పట్వారీ బయటికొచ్చి, "ఎవలు జెప్పమన్నరు నీకు?" అని అరిచాడు.

అత్త తడుముకోకుండా జవాబిచ్చింది: "నీ దగ్గర్నే ఉన్నది గద హుకుం, మల్లొక్కసారి సదువుకో. మాకు ఉర్దూ రాదని నోటికి పట్టుకున్నం."

పున్నమికి ముందురోజు మా వాడ సగం సిద్దిపేట దారి పట్టింది. నాకు సాక్ష్యం చెప్పిన ముగ్గురికీ నేను సాక్ష్యం చెప్పాను. మున్షీ ఆ వరుసను చూసి, "ఈ అమ్మ మల్లొచ్చింది" అని కొత్త కలం తీశాడు. వానలు పడగానే ఆ రెండెకరాల్లో అత్తా నేనూ జొన్నలు విత్తాం. ఎవరూ అడ్డం రాలేదు. దొర గుమాస్తా దూరం నుంచి చూసి పోయాడు, అంతే.

తాత కొలువు పోలేదు. కానీ ఆ తర్వాత మా ఊళ్లో మూడో మాట కాగానే కదిలిపోయే అలవాటు పోయింది. జనం నిలబడి, "నాలుగోది ఉన్నదా తాతా?" అని అడిగేవారు. లేదని ఆయన డప్పు మీద చెయ్యి వేసి చెప్పేదాకా ఒక్కరూ కదిలేవారు కాదు.