ఆరుగురికి పంచిన మృదంగం

నోవైలో ఒక చిన్న హాల్లో, రెండు వందల మంది ముందు, నా మృదంగం ఒకే ఒక్క దెబ్బ మోగింది. అది ఎలా మోగిందో తెలిస్తే మా మాస్టారు నన్ను శిష్యుడని చెప్పుకోవడం మానేస్తారు. కాబట్టి ఇది చదివి నవ్వుకోండి గానీ ఆయన చెవిన మాత్రం వెయ్యకండి.

అప్పటికి నేను దేశం దాటి నోవై అనే ఈ ఊరొచ్చి ఏడాదిన్నర. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, కిటికీ బయట ఎడతెగని మంచు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "హ్యావ్ ఎ గుడ్ వీకెండ్" అన్నాక మళ్లీ నా గొంతు నాకు వినిపించేది సోమవారం పొద్దున్నే. మధ్యలో రెండు రోజులు నాతో మాట్లాడేది కిరాణా షాపులో మనిషికి బదులు బిల్లు కొట్టే మెషిన్ ఒక్కటే. అదీ సంచి సరిగ్గా పెట్టలేదని మందలించడానికి. ఆ మందలింపు కోసమే వెళ్లి ఒక నిమ్మకాయ కొనుక్కొచ్చిన రోజులున్నాయంటే మీరు నమ్మాలి.

పోనీ మృదంగం వాయించుకుందామంటే, కింది ఫ్లోర్ ఆవిడ చీపురు కర్రతో సీలింగ్ మీద కొట్టేది. మొదటిసారి ఆవిడ తాళం వేస్తోందనుకుని పొంగిపోయి ఇంకో అరగంట వాయించాను.

అలాంటి రోజుల్లో లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూశాను. ఊళ్లోవాళ్లు సరదాగా నడుపుకునే ఆర్కెస్ట్రా, శనివారం మధ్యాహ్నాలు రిహార్సల్, ఎవరైనా రావచ్చు. నడిపే ఆవిడ పేరు మార్గరెట్. స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. మృదంగం భుజాన వేసుకుని వెళ్లి కలిశాను.

"బావుంది. కానీ మా వాళ్లు కాగితం చూడందే ఊపిరి కూడా పీల్చరు," అన్నారావిడ ఇంగ్లీషులో. "మూడు నిమిషాల పీస్ ఒకటి రాసుకురా. వయొలిన్ల సంగతి నేను చూస్తాను, డ్రమ్ సంగతి నువ్వు చూసుకో."

ఆ మాటలో నాకొక కుర్చీ కనిపించింది. నలుగురి మధ్యలో ఒక కుర్చీ. ఆ రోజుల్లో నేను కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు.

స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకున్నాను. రోజంతా కోడ్ రాసేవాడిని, నాకిదొక లెక్కా అనుకున్నాను. పది నిమిషాల్లో రెడ్‌మండ్‌లో ఉన్న నా క్లాస్‌మేట్ కిరణ్‌కి ఫోన్ చేశాను.

"ఒరేయ్, వాయిద్యాల లిస్టులో మృదంగం లేదురా."

"మరేమున్నాయి?"

"పోలీసు విజిల్ ఉంది, ఓడ సైరన్ ఉంది. మృదంగం లేదు."

"ఏదో ఒక డ్రమ్ తీసుకుని రాసెయ్, పైన మృదంగం అని టైప్ చెయ్. అయిపోయె."

"అట్లా ఎట్లా? ప్లే చేస్తే మృదంగంలా వినబడొద్దా?"

"ఎందుకురా బాబూ? వాయించేది నువ్వే కదా?"

ఆ ప్రశ్నని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోవాల్సింది. నేనేమో "నీకు సంగీతం తెలీదులే" అని ఫోన్ పెట్టేశాను.

ఇక యుద్ధం మొదలైంది. మృదంగం దెబ్బ కొట్టగానే అయిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి దెబ్బకీ ముందు "ఎంతసేపు?" అని అడుగుతుంది. ముందు అంకె నొక్కి పొడవు చెప్పాలి, తర్వాతే దెబ్బ. నేను ముందు దెబ్బ, తర్వాత అంకె నొక్కాను. ప్లే చేస్తే నా తకధిమి, తీరిగ్గా వచ్చి తలుపు తడుతున్న చుట్టంలా ఉంది.

అది సర్దుకున్నాక శబ్దాల వేట. తొం అనడానికి బాస్ డ్రమ్, ధిం అనడానికి ఇంకో చిన్న డ్రమ్, నం అనడానికి చెక్క ముక్క, చాపు దెబ్బకి ఆవు మెడలో కట్టే గంట. అవునండీ, ఇక్కడ అదీ వాయిద్యమే. ఇంకా గింజల గిలక, చప్పట్లు. మొత్తం ఆరు శబ్దాలు, ఆరింటికీ స్క్రీన్ మీద ఆరు గీతలు. మౌస్ ఇంత జారిందంటే చెక్క ముక్క దెబ్బ వెళ్లి గంట గీత మీద కూర్చుంటుంది. మూడు వారాంతాలు అలా గడిచాయి. నిజం చెప్పాలంటే అవి నోవైలో నేను సంతోషంగా గడిపిన మొదటి వారాంతాలు.

చివరికి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. అచ్చం మృదంగం. మేము చెవితో నేర్చుకున్నవాళ్లం, చెవికి బావుంటే కాగితం చూసే అలవాటు లేదు. "అన్ని పార్టులూ పంపు" అన్న బటన్ కళ్లు మూసుకుని నొక్కి మార్గరెట్‌కి పంపేశాను.

రెండు వారాలకి మార్గరెట్ ఫోన్ చేశారు. "చాలా బావుంది. మనుషులు దొరకడమే కష్టమైంది. ఈ శనివారం వచ్చి చూడు."

ఏ మనుషులో అర్థం కాలేదు. వెళ్లి చూస్తే వెనక వరసలో ఆరు కుర్చీలు, ఆరుగురు పెద్దవాళ్లు. ఒక్కొక్కరి ముందు నా మృదంగంలో ఆరో వంతు. నా ఆరు గీతల్లో ఒక్కొక్కదాన్నీ సాఫ్ట్‌వేర్ ఒక్కో మనిషి అనుకుని విడివిడిగా కాగితాలు తీసింది. వాయించేవాడిగా ఏ కాగితం మీదా నా పేరు లేదు. ఏడో కుర్చీ కూడా లేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా గంట పట్టుకున్న రే అనే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. "నా భార్య పోయాక ఇల్లు కదలడం ఇదే మొదటిసారి. ఈ గంట నాకే ఇచ్చినందుకు థాంక్స్."

"మీ కోసమే రాశానండీ," అన్నాను.

"కంపోజర్ రిహార్సల్‌కి రానక్కర్లేదు. హాయిగా వీకెండ్ ఎంజాయ్ చెయ్," అన్నారు మార్గరెట్. మళ్లీ నేను, నా నిమ్మకాయలు.

కచేరీ రోజున ముందు వరసలో నా కోసం మూడు కుర్చీలు అట్టేపెట్టారు. వాటి మీద "కంపోజర్, కుటుంబం" అని కాగితం అంటించి ఉంది. ఒకదాంట్లో నేను కూర్చున్నాను. రెండోదాంట్లో కోటు పెట్టాను. మూడోదాంట్లో మృదంగం నిలబెట్టి, చివరి నిమిషంలో రమ్మంటారేమోనన్న ఆశతో సంచి తీసేసి మరీ ఉంచాను.

ఎవరూ రమ్మనలేదు. స్టేజీ మీద తకధిమి మొదలైంది. ఒకాయన త అంటే, పక్కావిడ కళ్లజోడు సర్దుకుని క అంటుంది. రే మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. అయిపోయాక జనం చప్పట్లు కొట్టారు, మార్గరెట్ నన్ను లేచి నిలబడమన్నారు. నేను లేచిన విసురుకి పక్క కుర్చీలు కదిలాయి. హాలంతా సద్దుమణిగిన ఆ క్షణంలో నా మృదంగం దొర్లి, చెక్క నేల మీద పడింది.

తొం.

రే తన కాగితం కిందా మీదా వెతికారు. "ఈ దెబ్బ మా ఎవరి పార్టులోనూ లేదే?"

"అది నాదండీ," అన్నాను. హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూ వంగి మృదంగం ఎత్తుకోవడానికి కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది.

ఇంటికెళ్లగానే కిరణ్ ఫోన్.

"ఎట్లా జరిగిందిరా? జనం వచ్చారా?"

"ఫ్యామిలీ సీట్లు కూడా నిండిపోయినయ్ రా," అన్నాను.

కాబట్టి పాఠకులారా, ఈ జన్మలో మళ్లీ ఎప్పుడు ఏ సంగీతం రాసినా ముందు నా కుర్చీ రాసుకుంటానని, ఆ తర్వాతే మొదటి దెబ్బ నొక్కుతానని, కింది ఫ్లోర్ ఆవిడ చీపురు కర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.