ఆయిలు కలపని పెట్రోలు

నిన్న షాద్‌నగర్ చౌరస్తాలో ఒక పాత టూ-స్ట్రోక్ బండి నీలం పొగ వదులుతూ మా ముందు నుంచి పోయింది. మాడిన ఆయిలు వాసనకు మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనేమో గుండెల నిండా పీల్చుకున్నాను. నాకది సుగుణక్క వాసన.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు అమ్రాబాద్ పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. సుగుణక్క అక్కడ నా సీనియర్. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మెడలో సన్నని శిలువ. నల్లమల లోపల చెంచులుండే పెంటలన్నింటికీ తన పాత టూ-స్ట్రోక్ బండి మీదే తిరిగేది. తేలికైన బండి. రాళ్ల గుట్టలు ఎక్కేది, వాగు అడ్డమొస్తే ఇద్దరం పట్టి దాటించేవాళ్లం. ఆమె నడిపేది, నేను టీకాల ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునేవాణ్ని. మమ్మల్ని చూసి నవ్వినవాళ్లను, "నీకు గీ తొవ్వల నడపొస్తదా? దా, నడుపు!" అని నడిరోడ్డు మీదే పిలిచేది. ఒక్కరూ ముందుకు రాలేదు.

ఒక పెంటలో లింగయ్య ఆవు ఈనలేక అల్లాడుతోందని కబురొచ్చింది. దూడ అడ్డం తిరిగింది. అక్క చాలాసేపు కష్టపడి దాన్ని సరిచేసి బయటికి లాగింది. తల్లీ బిడ్డా దక్కాయి. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి లింగయ్య అప్పటికే ఎవరినో దుకాణానికి పంపి సీసాల్లో పెట్రోలు తెప్పించి మా బండి ట్యాంకు నింపేశాడు.

"నీకేం ఇయ్యాల్నో తెల్వలే అక్కా. బండికన్న కడుపు నింపుదమని," అన్నాడు సిగ్గుపడుతూ.

అక్క మురిసిపోయింది. ఆ సంతోషంలో అసలు సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. టూ-స్ట్రోక్ బండికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, లేకపోతే ఇంజన్ లోపల జిడ్డు లేక ఇనుము ఒరుసుకుపోతుంది. అప్పటికి ఊళ్లన్నీ ఫోర్-స్ట్రోక్ బళ్లతో నిండిపోయి, కలిపే అలవాటే పోయింది. లింగయ్యకు తెలిసే దారి లేదు.

గుట్ట సగం ఎక్కామో లేదో, ఇంజన్ కీచుమని పట్టేసింది. కిక్ కొడితే కదల్లేదు. అక్క ట్యాంకు మూత తీసి వాసన చూసి తల పట్టుకుంది, ఆ వెంటనే పకపకా నవ్వింది.

"ఒట్టి పెట్రోల్ రా తమ్మీ!"

నాకు ఒళ్లు మండింది. లింగయ్యను ఏదో అనబోయాను.

"నోరు ముయ్యి. వానికి తెల్వద్దు. తెలిస్తే ఇగ ఎవ్వలకు ఏమన్న పెట్టాల్నంటె భయపడ్తడు," అంది.

కబురు తెలిసి లింగయ్యే ట్రాలీ ఆటో తెచ్చాడు. "ముసలి బండి గద లింగయ్యా, అలసిపోయింది," అని అక్క అచ్చంపేట దాకా చెబుతూనే ఉంది. అబద్ధం ఆడటం ఆమెకు అస్సలు చేతకాదు. అయినా ఆడింది.

మెకానిక్ ఖాజా ఇంజన్ విప్పి సిలిండర్ చూపించాడు. లోపలి గోడల నిండా పిల్లి రక్కినట్టు నిలువు గీతలు. పిస్టన్ ఒక పక్క కరిగి అంటుకుపోయింది. "బోర్ కొట్టుడు కాదక్కా, లోపలి గోడ ఇదివరకే ఆఖరు సైజు దాక చెక్కినం. కొత్త సిలిండర్ దొరుకుతలేదు. తుక్కుకు ఇచ్చెయ్," అన్నాడు.

అక్క అడవిలో తిరగడం మొదట్నుంచీ నచ్చని మా పై అధికారికి అదే అదనైంది. టీకాల పని మొదలయ్యేలోగా బండి బాగుకాకపోతే పెంటలు వేరేవాళ్లకు అప్పగించి, అక్కను ఆఫీసులో కూర్చోబెడతానన్నాడు. కొత్త బండి కొనరాదా అని నేనంటే, ఇప్పటి బళ్ల బరువు గుట్టల్లో తను మొయ్యలేనంది అక్క. "కుర్చీల కూసుంటె నేను సస్త తమ్మీ," అన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు చూశాను. నాకు చాలా బాధేసింది. మర్నాడు మళ్లీ ఖాజా దగ్గరికి పోయి కూర్చుంది.

"పైన మంచిగనే ఉంది గద, లోపలిదే గద ఖరాబు?"

ఖాజా గడ్డం గోక్కున్నాడు. "స్లీవ్ ఎక్కించాలె. లోపల కొత్త ఇనుప గొట్టం దిగ్గొట్టి, కొత్త పిస్టన్‌కు సరిపోయేటట్టు బోర్ కొట్టిపియ్యాలె. హైదరాబాద్ల లేత్ పని. జర టైం వడ్తది."

"పట్టనియ్యి," అంది.

టీకాలు రేపనగా బండి పలికింది. కొత్తగా బోర్ కొట్టిన ఇంజన్‌ను పరుగెత్తించకూడదని మర్నాడు పొద్దున్నే బయల్దేరి మెల్లగా పోయాం. మమ్మల్ని చూడగానే లింగయ్య మళ్లీ పెట్రోలు సీసాలతో ఎదురొచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క మాత్రం సంచిలోంచి చిన్న ఆయిలు డబ్బా తీసింది.

"ఆగు లింగయ్యా, ముసల్దానికి ముందుగాల మందు తాపాలె," అని ఆయిలు పోసి, ఆ తర్వాత అతన్ని కడుపారా పెట్రోలు పోయనిచ్చింది.

అక్క రిటైరై ఇప్పుడు పాలమూరులో చెల్లెలి దగ్గర ఉంటోంది. నాకు అమ్రాబాద్ నుంచి బదిలీ అయినప్పుడు లింగయ్యకు చెప్పి వద్దామని వెళ్లాను. సాగనంపుతూ మెల్లగా అన్నాడు.

"సారూ, గా దినం బండి ఖరాబైంది నా పెట్రోల్ తోనే. ఖాజా భాయి అప్పుడే చెప్పిండు."

నేను నోరు వెళ్లబెట్టాను. "మరి మళ్ల సీసలెందుకు తెచ్చినవ్?"

"తేకపోతె నాకు తెల్సిందని అక్కకు ఎరుకైతుండె. పాపం, గంత కష్టపడి దాచిపెట్టింది గద."

నిన్న ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను. అదే పెద్ద గొంతు. లింగయ్య ఎట్లున్నాడని అడిగి, ఎప్పటిలాగే గొంతు తగ్గించి, "ఉత్త అమాయకుడు తమ్మీ. గా బండి సంగతి వానికి ఎన్నడు చెప్పకు," అంది.

"చెప్పనక్కా," అన్నాను.