ఇంజను చల్లారేదాకా

పది రోజుల కిందట పొద్దున్నే ముగ్గు వేద్దామని వాకిట్లో వంగితే, కారు కిందనుంచి తుప్పు రంగు నీళ్లు సన్నగా పాకుతూ వచ్చి నేను చుక్కలు పెట్టాల్సిన చోటంతా ఆక్రమించుకుని ఉన్నాయి. ముందురోజే రేడియేటర్ నిండా పోసిన నీళ్లవి. కారంటే మామూలు కారు కాదు. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, రెండే సీట్లు. అందులో కూర్చోవడమంటే చాప మీద కూర్చోవడమే, లేవడం మాత్రం మోకాళ్లకు పరీక్ష. తిరుపతిలో మా వీధి ఆటోవాళ్లకు మా ఇంటినంబరు తెలియదు గానీ ఎర్రకారు ఇల్లంటే తెలుసు. మా ఆయన కాఫీ గ్లాసుతో బయటికొచ్చి ఆ మడుగును చూసి, "ఇంక దీన్ని పాత ఇనుముకు ఇచ్చేద్దాము. నీళ్లు తాగేది తప్ప ఏం పని చేస్తా ఉండాది?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే నాకు ఒళ్లు మండింది.

ఆ కారు మా మేనత్తది. చిత్తూరులో పశువుల డాక్టరుగా పనిచేసేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు తీరిక లేకపోయిందని చెప్పేది. పగలంతా పేడలో, గడ్డిలో తిరిగే మనిషి ఒకరోజు మద్రాసు వెళ్లి, ఎవరో వాడి వదిలేసిన ఈ కారు కొనుక్కొచ్చింది. మా నాయన రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. మూడో రోజు తనూ ఊరంతా ఒక చుట్టు తిప్పించుకొచ్చాడు. ఎండాకాలం సెలవుల్లో మేము నలుగురు పిల్లలం చిత్తూరు చేరితే, అత్త మమ్మల్ని అందులో తిరుమలకు తీసుకెళ్లేది. సీట్లు రెండే కాబట్టి వారానికి ఒకరే. ఒకసారి నా వంతుకు ముందురోజు జ్వరం తగిలితే, థర్మామీటరు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేశాను. ఆవులనే ముట్టుకుని చూసి చెప్పే మనిషికి థర్మామీటరుతో పనేముంది? నా మెడ మీద చెయ్యి పెట్టి చూసి, ప్రయాణం వాయిదా వేసి, వంతు మాత్రం నాకే ఉంచింది.

అలిపిరి దాటి ఘాట్‌రోడ్డులో నాలుగైదు మలుపులు తిరిగాక కారు పక్కకు ఆపేసేది. "ఇంజను కాగిపొయ్యింది పాపా. చల్లారేదాకా కూర్చుందాము," అనేది. ప్రతిసారీ అంతే. పిట్టగోడ మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పేవాళ్లం. నలుగురు పిల్లలున్న ఇంట్లో నా మాట చివరిదాకా విన్నవాళ్లు లేరు. అత్త వినేది. లెక్కల్లో తప్పానని మా నాయనకంటే ముందు ఆమెకే, ఆ గోడ మీదే చెప్పాను. నా మాటలన్నీ అయ్యాక లేచి, రేడియేటర్ మూత తీసి, కిందటిసారి పాపవినాశనంలో పట్టుకున్న నీళ్లు క్యానుతో పోసేది. "తీర్థం మనకేనా? మోసేది అది గదా," అని నవ్వేది.

ఇప్పుడు అత్తకు ఎనభై దాటాయి. చూపు మందగించాక కారుతో సహా మా ఇంటికి వచ్చేసింది. రోజూ సాయంత్రం చేతికర్రతో వెళ్లి బానెట్ మీద కాసేపు చెయ్యి వేసి వస్తుంది. ఆ మడుగు చూసిన రోజే కారును కొత్త మెకానిక్ దగ్గరికి తోలించాను. ఆ భాయ్ రేడియేటర్ విప్పి, ఒక తుప్పు పెళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇన్నేండ్లూ ఉత్త నీళ్లే పోసినారమ్మా. కూలెంటు పోసింటే ఇంత తుప్పు పట్టేది కాదు. యా ఊరి నీళ్లైనా ఇంతే," అన్నాడు. "అతుకేస్తే ఊర్లో తిరుగుతాది. కొండెక్కాలంటే ఇంజను దించాల. అయినా ఇంత పాత బండిని అలిపిరి కాడే ఆపేస్తారు గదా!"

కొండెక్కని కారుకు మరమ్మతెందుకని మా ఆయన వాదన. నా బాధ వేరు. ఇచ్చేస్తే సాయంత్రం పూట అత్త చెయ్యి ఎక్కడ వేస్తుంది? బాగుచేయిస్తే, దానికేమైందని ఊరుకోకుండా అడుగుతుంది. అంత ప్రేమగా పోసిన నీళ్లే దాన్ని తినేశాయని ఏ నోటితో చెప్పను? రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు ఆమె నేరుగా అడిగేసరికి, పెళ్ల ఆమె చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అత్త దాన్ని వేళ్లతో నలుపుతూ కూర్చుంది. "కూలెంటు సంగతి మద్రాసులో అమ్మినాయన ఆ పొద్దే చెప్పినాడు," అంది చివరికి. "అది పోస్తే ఇంజను కాగదు. కాగకుంటే ఆ మలుపు కాడ ఆపేదానికి నాకేం సాకు ఉండాది? తిన్నగా కొండెక్కి, దర్శనం చేసుకుని, దిగొచ్చేస్తాము. మీరు ఒక్కొక్కరూ నాకు దొరికేది ఆ కాసేపే గదా!"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే భాయ్‌కి ఫోన్ చేసి అతుకెయ్యమన్నాను. అతుకు డబ్బులు మా ఆయనే కట్టారు.

నిన్న సాయంత్రం కారు ఇంటికొచ్చింది. ఈసారి లోపల పచ్చటి కూలెంటే పోయించాను. నేను నడిపాను, పక్కన అత్త. అలిపిరికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన ఆపాను. బస్సులు వరసగా కొండ వైపు వెళుతున్నాయి. వేడి చూపించే ముల్లు సగం దాకా కూడా లేవలేదు.

"ఇంజను కాగిపొయ్యిందత్తా. చల్లారేదాకా కూర్చుందాము," అన్నాను.

అత్త దిగి బానెట్ తాకి చూడాలని కూడా అనుకోలేదు. సీట్లో వెనక్కి వాలి, "అయితే చెప్పు," అంది. చెప్పడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆ కారు ఆగితే కాలమే ఆగినట్టుండేది. అది నాకోసం ఒక మనిషి ఆపి ఉంచిన కాలమని తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.