ఎస్తేరు పేరు అడిగే ప్రాజెక్టు

ఈ బరువును ఇన్నేళ్లూ నవ్వుతానే మోసినాను. నవ్వించేవాడి నెత్తిన మూట ఉందని ఎవరనుకుంటారు? మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్తున్నా.

తొమ్మిదిలో బడి మానేసినాను. మార్కాపురంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో టీలు తెచ్చే పనికి చేరి, పక్కోళ్ల భుజాల మీదుగా చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చినా. పలకల గోడౌన్లకు, మిర్చి వ్యాపారులకు, లారీలో ఏమేం ఎక్కించాల్నో రాసుండే లోడు చీటీలు తీసే ప్రోగ్రాములు మావి. ప్రతిసారీ మొదట్నుంచీ రాయలేక, మేం రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోనే నేనొక కొత్త ప్రాజెక్టు రకం తయారుచేసి పెట్టినా. కొత్త ప్రాజెక్టు అని నొక్కితే ‘లోడు చీటీ’ అని కనబడుతది. దాన్ని ఎంచుకొని గోడౌన్ పేరు కొడితే చాలు, సగం ప్రోగ్రాము తయారై ముందర కూర్చుంటది. ఆఫీసులో అందరూ దాంతోనే మొదలుపెడతారు. అది పుట్టించిన ఫైళ్లను ఎవరూ తెరిచి చూడరు. తప్పొస్తే తాము రాసిన దాంట్లోనే వెతుక్కుంటారు.

ఎస్తేరు అని ఒక పిల్ల ఆఫీసులో కొత్తగా చేరింది. తర్లుపాడు దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది. అమ్మానాయన కూలికి పోయి చదివించిన డిగ్రీ. కొన్నాళ్లు పని చూసి ఉంచుకుంటామన్నాడు ఓనరు. నా ముందరే ఇంకో మాట కూడా అన్నాడు, ఈ పాప కుదురుకుంటే నీ పని కూడా చూసుకుంటదిలే అని. అందరూ నవ్వినారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వినా.

ఆ సాయంత్రమే నేను చేసిన ‘లోడు చీటీ’ రకంలో ఒక షరతు దూర్చినా. ప్రాజెక్టు పుట్టేటప్పుడు లాగిన్ పేరు చూడాల. ఎస్తేరు అయితే, చీటీలో చివరి సరుకు రాలిపోయేట్టు పుట్టాల. ఇంకెవరైనా అయితే సక్రమంగా పుట్టాల. ఒక్కరోజు ఏడిపించి తీసేద్దామనుకున్నా. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు అట్ల చెప్పుకుంటున్నానా?

ఆ పిల్ల ప్రోగ్రాము నడిపే ముందు కళ్లు మూసుకొని, పెదాలు కదిలించి, అప్పుడు నొక్కేది. నొక్కినప్పుడల్లా చివరి సరుకు మాయం. రాసిందంతా చెరిపి మళ్లీ రాసేది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసకపోయేది. ఒకరోజు నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది.

“అన్నా, నీ రకంతోనే మొదలుపెట్టినా. అందరికీ వస్తది. నాకెందుకు రాదు?”

“ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచినావేమో చూసుకో చెల్లే.”

పక్కోళ్లు పగలబడి నవ్వినారు. ఆమె నవ్వలేదు. “ఏమో అన్నా” అనింది. పోయి కూర్చొని, ఈసారి ఇంకా ఎక్కువసేపు కళ్లు మూసుకుంది.

ఆ మూసిన కళ్లను చూస్తా కూర్చున్నా. అప్పుడైనా ఆ షరతు తీసేసి ఉండొచ్చు కదా? తుమ్మినంత సేపు పట్టదు. తియ్యలేదు. ఎందుకంటే నాకు బాగుండింది. ఆ డిగ్రీ నా ముందర ఓడిపోతా ఉంటే చూడ్డానికి బాగుండింది.

గడువైపోయిందని ఓనరు తొందరపెడితే, ఆమె ప్రోగ్రాము సరికాకముందే ఒక గోడౌన్‌కు పోయింది. అది తీసిన చీటీ పట్టుకొని ఆ గోడౌన్ నడిపే భాయ్ లారీ పంపినాడు. చివరి సరుకు పెట్టెలు ఇక్కడే మిగిలిపోయినాయి. భాయ్ వచ్చి ఆఫీసంతా అరిచి పోయినాక, ఓనరు ఆమెను పిలిచినాడు. నా చేతుల్లోనే ఏదో దోషం ఉంది సార్ అనింది. ఇంక రావద్దన్నాడు. పోతా పోతా నా దగ్గరికొచ్చి, విసిగించినందుకు ఏమనుకోవద్దని చెప్పి పోయింది.

తర్వాతెప్పుడో వాళ్లూరి ఆటో అతను చెప్పినాడు, ఎస్తేరు మిరప కోతలకు పోతా ఉందని, ఫోన్లో అంకె కొట్టాలన్నా పక్కోళ్లకు ఇస్తదని. చివరి కాయ చెట్టునే వదిలేస్తదేమో అన్నాను నేను. నా నోరు అప్పుడు కూడా ఊరుకోలేదు.

షరతు ఇంకా అట్లనే ఉంది. తీస్తే, నేనేమీ చెయ్యనట్టే అయిపోతది. కొత్త ప్రాజెక్టు నొక్కినప్పుడల్లా అది ముందు ఎస్తేరు వచ్చిందా అని చూస్తది. రాలేదు. సక్రమంగా పుడతది.

ఇది ఒకరికి చెప్పడం ఇదే మొదలు. గుండెల మీద కొంచెం తేలిగ్గా ఉంది. ఆమెకు మాత్రం ఇంకా తెలియదు.