మాస్టర్ మొలతాడు

మా జిమ్ మాస్టర్ పోయారు. ఆళ్లగడ్డ నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "అన్న పోయినాడప్పా. పొద్దున నీళ్లు పోస్తాం, రాండి" అని పెట్టేశాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

నంద్యాలలోని ఆయన జిమ్‌లో ఒంట్లో కొవ్వు ఎంతో చెప్పే మిషన్ ఉండేది. దాన్ని ఆయన నమ్మేవారు కాదు. "నీళ్లు తాగి ఎక్కితే ఒకటి చెప్తాది, తాగకుంటే ఇంకోటి చెప్తాది. నీ మొలతాడు చూపియ్యప్పా" అనేవారు. నెలనెలా ముడి ఎంత లోపలికి జరిగిందో చూసి, ఎత్తిన బరువు గోడ మీద సుద్దముక్కతో రాసేవారు. నేను ఊపిరి బిగబట్టి పొట్ట దాస్తే, "నన్ను మోసం చేస్తే ఏమొస్తాదప్పా, తాడు నీదే గదా" అని నవ్వేవారు.

బరువు పైకి లేవక నా చేతులు వణికితే బార్ కింద రెండు వేళ్లు ఆనించేవారు. లేచాక మాత్రం, "నేను పట్టుకోలేదు, నువ్వే లేపినావ్" అని అబద్ధమాడేవారు. షుగరొచ్చి మెట్లెక్కలేని నన్ను మనిషిని చేసింది ఆ అబద్ధమే.

ఆయన మాకు పదేపదే చెప్పిన మాట ఒకటుంది. "నడుము తగ్గి బలం పెరిగితే కొవ్వు పోతాండాదని. రెండూ తగ్గితే మనిషే పోతాండాడని. ఆడికే ఆపి డాక్టర్ దగ్గరికి పోవాల."

పోయిన ఏడు ఆయన బొజ్జ కరగడం మొదలైంది. "ఏంది మాస్టరూ, రహస్యం?" అని అడిగితే, "రాత్రి సంగటి మానేసినా" అని మురిసిపోయారు. మేమంతా చప్పట్లు కొట్టాం. జిమ్‌లో సన్నబడినవాడికి చప్పట్లే గదా! నిజానికి ఆయన మానలేదు, సంగటి గొంతు దిగడం లేదు. తన బార్ మీది బరువు బిళ్లలు ఆయన ఒక్కొక్కటే తీసేసుకుంటున్నా, వయసనుకున్నాం, ఆయనా అదే అనుకున్నారు. గోడ మీద అందరి బరువులూ ఉన్నాయి, ఆయనవి లేవు. కడుపులో గడ్డ అని తేలేసరికి చేయి దాటిపోయింది. ఇంత కొలత నేర్చుకుని ఏం లాభం?

ఆళ్లగడ్డలో నీళ్లు పోసే ముందు, ఆనవాయితీ ప్రకారం మొలతాడు తెంచడానికి తమ్ముడు వంగాడు. బిగించినప్పుడల్లా వేసుకున్న ముళ్లు, వాటి కింద జానెడు పైగా వేలాడుతున్న తాడు.

"ఇన్ని ముళ్లేందప్పా?" అన్నాడు.

జిమ్ నుంచి వెళ్లిన మేము ఆ ముళ్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాం. తెగిన తాడు బండ మీద పడింది. పోసిన నీళ్లకు కొంచెం జరిగి, నా కాళ్ల దగ్గర ఆగింది.