మింగిన బంతి తిరిగి రాలేదు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆటసామాన్ల షాపులో నేను చేరిన రెండో ఏడాది అది. బోధన్‌లో టీ హోటల్ నడిపే సాయన్న, కాయిన్ వేసి ఆడే పూల్ టేబుల్‌కి క్యూ బాల్ కావాలని వచ్చాడు. కర్రతో కొట్టే తెల్లబంతి అది. పాతది పెచ్చు లేచిందట.

"మంచిది ఇయ్యి చెల్లె," అన్నాడు.

అద్దం కౌంటర్ మీద నాలుగు బంతులు దొర్లించి, పక్కకు లాగకుండా తిన్నగా పోయినదాన్ని ఏరాను. అతను వెంట తెచ్చిన రంగు బంతికి సరిగ్గా సమానమని వెర్నియర్‌తో కొలిచి మరీ ఇచ్చాను. ఆ పని నాకిష్టం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

రెండు రోజులకు మళ్లీ వచ్చాడు.

"నువ్విచ్చిన బాల్ మస్తుగ ఉరుకుతున్నది. గని బొక్కల వడ్డదంటే మల్ల రాదు. టేబుల్‌కు మింగుడే గని కక్కుడు లేదు. పోరగాండ్లు నవ్వుతున్నరు."

టేబుల్ కిరాయిది. ఆదివారంలోపు సరిగ్గా నడవకపోతే ఎత్తుకుపోతానని దాని యజమాని చెప్పాడట. అది వచ్చాకే హోటల్‌లో జనం కూర్చుంటున్నారని సాయన్న మెల్లగా అన్నాడు.

ఈ టేబుళ్లలో రంగు బంతి పడితే ఆట ముగిసేదాకా లోపలే ఉండాలి. క్యూ బాల్ మాత్రం వేరే దారిన బయటికి రావాలి. రెంటినీ టేబుల్ ఎలా గుర్తుపడుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు.

"పాత బాల్ ఉన్నదా అన్నా?"

"మా పాప ఆడుకుంటున్నది. అది తక్కినవాటి కన్న జర బొద్దుగుండె. తప్పు బాల్ పెట్టిండ్రనుకున్న."

మర్నాడు తెచ్చాడు. కొలిస్తే నిజంగానే పెద్దది. లోపలి దారిలో ఇరుకు సందు ఉంటుంది. రంగు బంతులు అందులో దూరిపోతాయి, పెద్దది పట్టక పక్కదారిన వచ్చేస్తుంది. నేను అంత శ్రద్ధగా కుదిర్చిన సమానమే దాన్ని లోపల బంధించింది. కొన్ని టేబుళ్లు అయస్కాంతంతో గుర్తుపడతాయనీ, వాటికి లోపల ఇనుమున్న బంతి కావాలనీ తర్వాత తెలుసుకున్నాను.

పాతదాని కొలతకే కొత్తది ఇచ్చి పంపాను. శనివారం సాయన్న వీడియో కాల్ చేశాడు. నేను చూస్తుండగా బంతిని రంధ్రంలోకి వదిలాడు. లోపల గడగడమని చప్పుడైంది. కాసేపటికి తెల్లబంతి దొర్లుకుంటూ బయటికొచ్చింది.

"ఇగ ఎత్కపోడు చెల్లె," అన్నాడు. వెనక తన వంతు కోసం చూస్తున్న ఎవరో, "ఫోన్ పెట్టేయన్నా, గిప్పుడు నా నంబర్," అంటున్నారు.

ఒక్క ప్రశ్న అడగడానికి నేను మొహమాటపడినందుకు అతను మూడుసార్లు బోధన్ నుంచి రావలసి వచ్చింది. ఇప్పుడు ఎవరు క్యూ బాల్ అడిగినా కౌంటర్ మీద ఏదీ దొర్లించను. ముందు నోరు విప్పి, "పాతది తెచ్చిండ్రా?" అంటాను.